రోజువారీ ప్రయాణాన్ని ఆటగా మలచుకోవడం ఎలా?

ఇంటికీ ఆఫీసుకూ మధ్య రోజూ తిరిగే దారిని ఆటగా మార్చుకోదలచినవారు, దేనికి పాయింట్లు వేసుకోవాలో ముందుగా తేల్చుకోవాలి. వేగానికి మాత్రం వేసుకోకండి. ఎంత త్వరగా చేరతామన్నది సిగ్నళ్లు, రద్దీ, వాన తేల్చే విషయం. దానికి పాయింట్లు పెడితే కదులుతున్న బస్సు ఎక్కాలనీ, ఎర్రదీపం ఉండగానే రోడ్డు దాటాలనీ మనసు తొందరపెడుతుంది. బయలుదేరే సమయం, ఎంచుకునే దారి, నడిచే దూరం మన చేతిలో ఉంటాయి కనుక ఆట వీటి మీదే సాగాలి.

అన్నిటికన్నా రక్తికట్టేది అంచనా ఆట అని నా నమ్మకం. గడప దాటే ముందు ఎన్నింటికి చేరతారో చిన్న పుస్తకంలో రాసుకోండి. చేరాక సరిచూసుకుని, తేడా 2 నిమిషాల లోపైతే 3 పాయింట్లు, 5 నిమిషాల లోపైతే 1 పాయింటు వేసుకోండి. 9:20 అని రాసి 9:27కు చేరితే పాయింటు రాదు. అయితే ఆ 7 నిమిషాలు బస్‌స్టాపులో పోయాయా, కూడలిలో పోయాయా, మెట్రో దిగాక మెట్ల దగ్గరి గుంపులో పోయాయా అన్నది పక్కనే రాయాలి. ఇలా రాస్తూ పోతే వారంలో ఏ రోజు ముందుగా కదలాలో, ఏ బోగీ తలుపు సరిగ్గా మెట్లకు ఎదురుగా ఆగుతుందో తెలిసివస్తుంది, అంచనాలూ పదునెక్కుతాయి.

వ్యవధి ఉన్న రోజున ఒక స్టాపు ముందే దిగి, ఎన్నడూ నడవని వీధిగుండా వెళ్లి 2 పాయింట్లు కలుపుకోండి. నడిచిన వీధులకు మ్యాపు మీద రంగు వేస్తూ పోవచ్చు.

తోటి ఉద్యోగులు కలిస్తే జట్లుగానూ ఆడవచ్చు. 2010 ప్రాంతంలో లండన్‌లో నడిచిన క్రోమారోమా అనే ఆటలో, ప్రయాణికులు రంగుల జట్లుగా విడిపోయి, అక్కడి బస్సులు, రైళ్లలో టికెట్టుగా వాడే ఓయిస్టర్ కార్డులో నమోదైన ప్రయాణాల ఆధారంగా స్టేషన్లను తమ జట్టు పరం చేసుకునేవారు. మనకు యాప్ అక్కరలేదు, వాట్సాప్ గ్రూపు చాలు.

బండి నడిపేవారు అంచనాను ఇంజిన్ స్టార్ట్ చేయకముందే రాసి, బండి ఆపాకే సరిచూసుకోవాలి. మధ్యలో ఫోన్ ముట్టుకుంటే ఆ రోజు పాయింట్లన్నీ రద్దు. జట్టుగా ఆడేవారు లైవ్ లొకేషన్ పంచుకోకుండా, సాయంత్రం ఇల్లు చేరాక స్కోరు మాత్రమే పంపుకోవాలి.