గాయాలతో సతమతమయ్యే రెండు ఎన్‌బీఏ జట్ల మ్యాచ్‌కు ప్రివ్యూ రాయడం ఎలా

ముందు ఎన్‌బీఏ (ఉత్తర అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్) అధికారిక గాయాల నివేదిక తెరవండి. జట్లు దాన్ని మ్యాచ్‌కు ముందు రోజు స్థానిక సమయం సాయంత్రం 5 లోపు ఇవ్వాలి. వరుస రోజుల్లో ఆడుతుంటే రెండో మ్యాచ్‌కు అదే రోజు మధ్యాహ్నం 1 లోపు. ఆటగాడి పేరు పక్కన ‘క్వశ్చనబుల్’ అంటే ఆడే అవకాశం సగం సగం. ‘డౌట్‌ఫుల్’ అయితే ఆశ పెట్టుకోకండి.

అసలు పని నిమిషాల లెక్క. 48 నిమిషాలు, అయిదుగురు: జట్టుకు మొత్తం 240. 34 నిమిషాలు ఆడే పాయింట్ గార్డ్ (బంతి తెచ్చి ఆట నడిపించేవాడు) లేకపోతే ఆ 34 ఎవరెవరికి వెళ్తాయో పేరుపేరునా పంచండి. చాలామంది ఇక్కడే పొరబడతారు, అతని 25 పాయింట్లను జట్టు సగటులోంచి తీసేస్తారు. ఆ షాట్లు మాయం కావు, వేరేవాళ్లు వేస్తారు. తగ్గేది వాటి నాణ్యత. టర్నోవర్లూ (షాట్ వేయకుండానే బంతి పోగొట్టుకోవడం) పెరగొచ్చు.

రెండు వైపులా ఎంతమంది లేరన్న లెక్కతో తూచకండి. ఒక జట్టుకు సెంటర్ (రింగు దగ్గర కాపుకాసే పొడగరి) లేనప్పుడు ఎదుటి జట్టు రింగు దగ్గరకు దూసుకెళ్లేదైతేనే ఆ లోటు బాగా నొప్పి పెడుతుంది; దూరం నుంచి మూడు పాయింట్ల షాట్లు వేసే జట్టుకు దానివల్ల లాభం తక్కువ.

జట్టు సీజన్ సగటు వదిలి, గాయపడ్డ ఆటగాడు లేని మ్యాచ్‌ల అంకెలే తీయండి. అవి అయిదారే ఉంటే గట్టిగా చెప్పొద్దు. గాయం నుంచి తిరిగొచ్చినవాడికి నిమిషాల పరిమితి ఉందేమో కోచ్ మాటల్లో వెతకండి. మ్యాచ్ మొదలయ్యే ముందు బరిలోకి దిగే మొదటి అయిదుగురిని చూసి ప్రివ్యూ సరిదిద్దండి.