చార్ట్‌లో ఉత్త 'వాపు' అనే ఉంది, పసిబిడ్డకు ఏ కోడ్ వేయాలి?

కడపలో ఇంట్లో కూర్చునే మెడికల్ కోడింగ్ చేస్తుంటాను, అంటే అమెరికా ఆసుపత్రుల రోగుల రికార్డులు (చార్టులు) చదివి, బీమా క్లెయిముల కోసం ఒక్కో జబ్బుకూ ఐసీడీ-10-సీఎం జాబితాలోని కోడ్ వేయడం. కొత్తగా ఈ పనిలో చేరిన తమ్ముళ్లు, ఎక్కువమంది బీఫార్మసీ చదివినవాళ్లే, ఏడు రోడ్ల దగ్గర టీకి కలిస్తే చాలు "అన్నా, పసిబిడ్డ వాపు కోడ్‌కి మళ్లీ ఎర్రర్ పడింది" అంటారు. అందుకే ఇది రాస్తున్నా.

సమస్య: ఆర్60.9 వేశారు, క్లెయిమ్ తిరిగొచ్చింది.

ఎడీమా, అంటే ఒంట్లో నీరు చేరి వచ్చే వాపు, అని వెతికితే ముందు అదే కనిపిస్తుంది, వేసేస్తారు. ఆర్60 కింద ఉన్న ఎక్స్‌క్లూడ్స్1 నోట్ (ఆ కోడ్ కిందికి రానివేవో చెప్పే గమనిక) మాత్రం ఎవరూ చదవరు, పసిబిడ్డ ఎడీమా ఇక్కడికి రాదని అందులోనే ఉంది. పీ83.30 వేయండి. డాక్టర్ హైడ్రాప్స్ (బిడ్డ ఒంట్లో చాలాచోట్ల నీరు చేరడం) అని రాస్తే వేరే దారి: తల్లీబిడ్డల రక్తం పడకనో, మరో కారణంతోనో బిడ్డ ఎర్రకణాలు చితికి వచ్చిందైతే పీ56లో, కాకపోతే పీ83.2లో చూడాలి.

సమస్య: తల మీద వాపు, ఆడిట్‌లో మార్కులు పోయాయి.

అసలు తలనొప్పి ఇదే. కాపుట్ అంటే చర్మం కింద నీరు, పుట్టేటప్పటికే ఉంటుంది, పుర్రె ఎముకల అతుకులు దాటుతుంది, కొద్ది రోజుల్లో దిగిపోతుంది, పీ12.81. సెఫలోహెమటోమా ఎముక పైపొర కింద చేరిన రక్తం, కొన్ని గంటలు పోయాక తేలుతుంది, అతుకు దాటదు, కరగడానికి వారాలు, ఒక్కోసారి నెలలు, పీ12.0. కాన్పులో బిడ్డను బయటికి లాగడానికి తలకు వాక్యూమ్ పెట్టిన చోట లేచిన బుడిపె పీ12.1. ఇక సబ్‌గేలియల్ రక్తస్రావం (తల చర్మానికీ ఎముక పైపొరకూ మధ్య రక్తం చేరడం) పీ12.2, ఇదీ అతుకులు దాటుతుంది, మెడ దాకా పాకుతుంది, బిడ్డ ప్రాణానికే ముప్పు. చూశారా, అతుకు దాటింది కదా అని కాపుట్ వేస్తే ఎంత తేడా వస్తుందో!

నేనూ మొదట్లో నర్సు నోట్‌లో "అతుకు దాటలేదు" అని చూసి తెలివిగా పీ12.0 వేసి తిట్లు తిన్నాను. జబ్బు పేరు డాక్టరే రాయాలి, మనం తేల్చకూడదు. డాక్టర్‌కు క్వెరీ, అంటే రాతపూర్వక ప్రశ్న, పంపండి. అందులో "ఇది సెఫలోహెమటోమానే కదా?" అని అడగొద్దు, చార్ట్‌లో ఉన్న గుర్తులు పెట్టి ఈ వాపు ఏమిటో తెలపమనండి.

ఇంకో మాట, బిడ్డను చూసినప్పుడు కాపుట్ ఉందని ఒక్క ముక్క రాసి, దానికోసం ఏ పరీక్షా, చికిత్సా, అదనపు నర్సింగూ, ఆసుపత్రిలో ఎక్కువ రోజులు ఉంచడమూ లేకపోతే, ముందుముందు బిడ్డకు దానితో పనిపడుతుందనీ డాక్టర్ రాయకపోతే, దాన్ని కోడ్ చేయక్కర్లేదు.

సమస్య: పసిబిడ్డ రొమ్ము వాపు.

తల్లి హార్మోన్ల వల్ల వచ్చేది, పీ83.4. మన పక్క ముసలివాళ్లు పాలు పిండేస్తారు చూడండి, అలా చేయకూడదు, చీము పట్టొచ్చు. ఇన్ఫెక్షన్ అని డాక్టర్ రాస్తే పీ39.0.

వృషణాల దగ్గర నీరు, పుట్టుకతో వచ్చిన హైడ్రోసీల్ అని రాసుంటే పీ83.5.

సమస్య: అన్నీ సరిగ్గానే ఉన్నాయి, అయినా రిజెక్ట్.

పీతో మొదలయ్యే కోడ్ తల్లి చార్ట్‌లో పడిందేమో చూడండి, అది బిడ్డ రికార్డుకే. జెడ్38, అంటే బిడ్డ పుట్టుకను చెప్పే కోడ్, పుట్టిన ఆసుపత్రిలో ఒక్కసారే, బిడ్డను ఇంకో ఆసుపత్రికి మారిస్తే అక్కడి చార్ట్‌లో అది రాదు.