విండోస్ 11కి మారే ముందు వైఫై జాగ్రత్తలు

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తోనే ఆగిపోయింది. ఇంకా మారనివాళ్లు అప్‌గ్రేడ్ నొక్కే ముందు ఇవి చూసుకోండి.

- వైఫై డ్రైవర్‌ను (వైఫై పనిచేయడానికి కావాల్సిన సాఫ్ట్‌వేర్) ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి దించి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. అప్‌గ్రేడ్ అయ్యాక వైఫై గుర్తే మాయమైతే, డ్రైవర్ కోసం నెట్ కావాలి, నెట్ కోసం డ్రైవర్ కావాలి, అక్కడే ఇరుక్కుపోతారు. దయచేసి ఇదొక్కటి మాత్రం వదలొద్దు.

- ఫోన్‌తో పాటు డేటా కేబుల్ దగ్గరుంచుకోండి, యూఎస్‌బీ టెథరింగ్‌కి, అంటే ఫోన్ నెట్‌ను కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి ఇవ్వడానికి, వైఫై డ్రైవర్‌తో పనిలేదు. ఛార్జింగ్‌కి మాత్రమే వచ్చే కేబుల్ పనికిరాదు.

- వైఫై పాస్‌వర్డ్ రాసుకోండి. వైఫై కుదరక నెట్‌వర్క్ రీసెట్ (నెట్ సెట్టింగులన్నీ మొదటికి తెచ్చేది) కొడితే సేవ్ చేసినవన్నీ పోతాయి, ఆఫీసు వీపీఎన్ కూడా మళ్లీ పెట్టుకోవాల్సి రావచ్చు, అందుకే రీసెట్ ఆఖర్నే.

- పాత విండోస్‌కి వెనక్కి వెళ్లే వీలు 10 రోజులే. ఈలోపు జాగా కోసమని పాత విండోస్ ఉండే విండోస్.ఓల్డ్ (Windows.old) ఫోల్డర్ తీసేయకండి.