పాత రాజకీయ ప్రచార పుస్తకం కొనే ముందు జాగ్రత్తలు

డబ్బు చేతులు మారకముందే ఇవి చూసుకోండి.

• చీకటి గదిలో అతినీలలోహిత టార్చి వేయండి. 1930ల నాటిదన్న పుస్తకంలో కాగితం నీలి తెలుపుగా మెరిస్తే అనుమానించాలి. కాగితానికి ఆ మెరుపు తెచ్చే రసాయనాల వాడకం పెరిగింది 1950ల నుంచే. మెరవనంత మాత్రాన అసలుదని కాదు. పాత ఖాళీ కాగితం మీద కొత్తగా అచ్చు వేయడమూ ఉంది.

• 10 రెట్ల భూతద్దం తప్పనిసరి. లెటర్‌ప్రెస్ (సిరా పూసిన అచ్చును కాగితం మీద నొక్కే పాత ముద్రణ) అక్షరం అంచున సిరా గట్టు కడుతుంది, పేజీ వెనక నొక్కు తెలుస్తుంది. నల్లని అక్షరమే రంగు చుక్కలుగా విడిపోతే అది నకలు.

• పేజీలతో పాటు బొమ్మలు, మడత పటాలు కూడా లెక్కపెట్టండి. ఎక్కువగా చింపేసి విడిగా అమ్మేది వాటినే.

• 1930ల సోవియట్ పుస్తకాల్లో, స్టాలిన్ కాలంలో వేటు పడిన నాయకుల ముఖాలు సిరాతో కొట్టేసి ఉండవచ్చు. దయచేసి తుడవొద్దు. ఆ మరక కూడా చరిత్రే.

• గ్రంథాలయ ముద్ర ఉండి, పుస్తకాన్ని ఆ గ్రంథాలయమే తొలగించినట్టు గుర్తు లేకపోతే వివరణ అడగండి.

• విదేశం నుంచి తెప్పించేముందు రెండు దేశాల చట్టాలూ చూడండి. జర్మనీలో నాజీ చిహ్నాల బహిరంగ ప్రదర్శన నేరం; పరిశోధనకు, బోధనకు మినహాయింపులున్నాయి.

• చిరుగులకు సెల్లోటేపు వేయొద్దు, దాని జిగురు కాగితంలోకి ఇంకి పసుపు మరకవుతుంది. తుప్పు పట్టిన పిన్నులను లాగొద్దు.