పాత కాగితాల్లో మనుషుల్ని వెతకడం, 3వ భాగం: పది డాలర్ల ప్రకటన

పోయిన భాగంలో చట్టం దగ్గర ఆగాం. కొత్తగా చేరినవాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్తాను. పెన్సిల్వేనియా 1780లో చేసిన చట్టం ప్రకారం, బయటి రాష్ట్రం యజమాని ఎవరైనా తన బానిసని అక్కడికి తెచ్చి ఆరు నెలలు ఉంచితే, ఆ మనిషి స్వేచ్ఛ కోరవచ్చు. అప్పటి రాజధాని ఫిలడెల్ఫియా ఆ రాష్ట్రంలోనే ఉంది, అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ కాపురం కూడా అక్కడే. గడువు నిండకముందే తన ఇంట్లోని బానిసల్ని రాష్ట్రం దాటించాలి, అది కూడా వాళ్లకీ జనానికీ అసలు సంగతి తెలియకుండా ఏదో ఒక సాకు మీద జరగాలి అని 1791 ఏప్రిల్ 12న ఆయన తన కార్యదర్శి టోబియాస్ లియర్‌కి రాసిన ఉత్తరం మనం చదివాం.

ఈసారి ఒక్క పత్రికా ప్రకటన తీసుకుందాం. చాలా చిన్నది, ఒక్క పేరా. కానీ దాన్ని సరిగ్గా చదవడం వస్తే, ఇలాంటివి వందల కొద్దీ మీ అంతట మీరే చదవగలరు. 1796 మే 23 తేదీతో ఫిలడెల్ఫియా పత్రికలో వచ్చింది. విషయం తెలుగులో ఇలా ఉంటుంది:

“అమెరికా అధ్యక్షుడి ఇంటి నుంచి ఓనీ జడ్జ్ పారిపోయింది. లేత రంగు ములాటో పిల్ల, ఒంటి మీద చిన్న చిన్న మచ్చలు చాలా ఉంటాయి, కళ్లు బాగా నలుపు, గుబురు జుట్టు. మధ్యరకం ఎత్తు, సన్నగా నాజూగ్గా ఉంటుంది, వయసు 20 ఏళ్లు ఉండొచ్చు. మంచి మంచి బట్టలు రకరకాలవి చాలా జతలు ఉన్నాయి, కానీ అవి ఎలా ఉంటాయో చెప్పేంతగా గుర్తు లేవు. ఆమె వెళ్లిపోతుందన్న అనుమానం ఎవరికీ లేదు, వెళ్లిపోవాల్సిన కారణం కూడా ఏమీ జరగలేదు కాబట్టి ఎక్కడికి పోయిందో, ఆమె ఉద్దేశం ఏమిటో ఊహించడం తేలిక కాదు. నీటి దారిన తప్పించుకోవచ్చు గనుక ఓడల కెప్టెన్లెవరూ ఆమెని ఎక్కించుకోవద్దని హెచ్చరిక. స్వేచ్ఛ ఉన్న స్త్రీనని చెప్పుకునే అవకాశం ఉంది, ప్రయాణానికి సరిపడా డబ్బు కూడా ఉందని వినికిడి. ఊళ్లో గానీ రేవులో ఉన్న ఓడలో గానీ పట్టుకుని ఇంటికి తెచ్చినవాళ్లకి పది డాలర్లు. దూరం నుంచి తెస్తే దూరాన్ని బట్టి ఇంకొంత.” కింద సంతకం: ఫ్రెడరిక్ కిట్, స్టీవార్డ్. అంటే ఆ ఇంటి వ్యవహారాలు చూసే మనిషి.

ఒకసారి చదివి పక్కన పెట్టకండి. రెండు రంగుల పెన్నులు తీసుకోండి. పారిపోయిన మనిషి గురించి యజమాని వేయించిన ప్రకటనకి రెండు అవసరాలు ఉంటాయి, అవి ఒకదానితో ఒకటి పొసగవు. మొదటిది, మనిషి దొరకాలి. దానికోసం నిజం రాయాలి, ఎందుకంటే ఆనవాళ్లు తప్పు రాస్తే ఎవరూ పట్టుకోలేరు. రెండోది, ఇంటి పరువు పోకూడదు. దానికోసం ఏం రాసినా రాస్తారు. మొదటి అవసరం కోసం రాసిన వాక్యాల కింద ఒక రంగు గీత, రెండోదాని కోసం రాసినవాటి కింద ఇంకో రంగు గీత వేయండి. ఈ ఒక్క అలవాటు చేసుకుంటే సగం పని అయిపోయినట్టే.

మొదటి రంగు చూద్దాం. మచ్చలు, కళ్లు, జుట్టు, ఒళ్లు. ప్రకటనలో ఓనీ అని ఉన్న ఈ ఓనా జడ్జ్ బొమ్మ ఏదీ మనకి మిగల్లేదు, ఆమె రూపం గురించి ఆ కాలం నాటి మాటలు ప్రధానంగా ఇవే. వాటిని వాడుకోండి కానీ, పట్టివ్వడానికి రాసినవి అన్నది మర్చిపోవద్దు. ములాటో అంటే తెల్లవాళ్లకీ నల్లవాళ్లకీ పుట్టినవాళ్లని అప్పట్లో అనేమాట. తల్లి బెట్టీ, వర్జీనియాలో వాషింగ్టన్‌కి ఉన్న మౌంట్ వెర్నన్ ఎస్టేట్‌లో బానిసగా ఉంటూ కుట్టుపని చేసేది. తండ్రి ఆండ్రూ జడ్జ్, ఇంగ్లండ్ నుంచి ఒప్పందం మీద వచ్చిన తెల్ల దర్జీ. ఒప్పందం తీరాక తండ్రి వెళ్లిపోయాడు, కూతురు మాత్రం చట్టం ప్రకారం తల్లి దారిలోనే బానిసగా ఉండిపోయింది. ఇక వయసు. ప్రకటన 20 అంటోంది. 1786 ఫిబ్రవరిలో వాషింగ్టన్ తన డైరీలో రాసుకున్న జాబితాలో ఆమె వయసు 12. అంటే 1796కి 22 అయినా ఉండాలి. ఇలా ఒక కాగితంలో అంకె కనబడగానే ఇంకో కాగితంతో సరిచూడటం మానొద్దు.

బట్టల వాక్యం నాకు చాలా ముఖ్యంగా అనిపిస్తుంది. ఓనా మార్తా వాషింగ్టన్‌కి సొంత పరిచారిక. ఆవిడకి జుట్టు దువ్వడం, బట్టలు తొడగడం, కుట్టడం, ఆవిడ ఎవరింటికైనా వెళ్తే వెంట వెళ్లడం. అధ్యక్షుడి భార్య వెంట నలుగురిలో కనిపించే పిల్ల కాబట్టి మంచి బట్టలు ఉండేవి. అయితే ఆ బట్టలు ఎలా ఉంటాయో ఇంట్లో ఒక్కరికీ గుర్తు లేదంటున్నారు! రోజూ కళ్ల ముందు తిరిగిన మనిషిని వాళ్లు ఎంతవరకు చూశారో ఆ వాక్యంలో ఉంది. పైగా అన్ని జతల బట్టలూ ఇంట్లోంచి ఎలా పోయాయి? దీనికి జవాబు ఆమే చెప్పింది, 1840లలో, ముసలితనంలో ఇచ్చిన ఇంటర్వ్యూలో. వాళ్లు వర్జీనియా వెళ్లడానికి సామాను సర్దుకుంటుంటే తనూ సర్దుకుందట, ఎక్కడికో తనకే తెలియకుండా. ఫిలడెల్ఫియా నల్లజాతి వాళ్లలో తనకి స్నేహితులు ఉన్నారు, సామాను ముందే వాళ్లింటికి చేర్పించింది, వాషింగ్టన్ కుటుంబం భోజనం చేస్తుండగా ఇంట్లోంచి బయటికి నడిచింది. అది 1796 మే 21. అందరూ ప్రయాణం హడావిడిలో ఉన్న ఇంట్లో మూటలు కడుతుంటే ఎవరికి అనుమానం వస్తుంది? ఎంత ఆలోచించి ఎంచుకున్న సమయమో చూడండి.

డబ్బు సంగతి కూడా మొదటి రంగే. వినికిడి అన్నారు కానీ, ఓడల కెప్టెన్లని హెచ్చరించేంత నమ్మకం ఉన్న వినికిడి. నీటి దారి అన్న ఊహ కూడా నిజమే అయింది. ఆమె నాన్సీ అనే ఓడలో న్యూ హాంప్‌షైర్‌లోని పోర్ట్స్‌మత్ చేరింది. కెప్టెన్ జాన్ బౌల్స్. అతన్ని శిక్షిస్తారన్న భయంతో, అతను చనిపోయేదాకా ఆ పేరు బయటపెట్టలేదని ఆమే చెప్పింది.

ఇప్పుడు రెండో రంగు. “వెళ్లిపోవాల్సిన కారణం ఏమీ జరగలేదు.” ఇది కంటితో చూసి రాసింది కాదు, ఆనవాలు కూడా కాదు, ఈ వాక్యం లేకపోయినా మనిషిని పట్టుకోవచ్చు. మరి ఎందుకు రాశారు? అధ్యక్షుడి ఇంట్లో ఏదో జరిగిందని ఊరు అనుకోకూడదు కాబట్టి. ఇలాంటి వాక్యం కనబడితే అక్కడ ఆగిపోయి, అదే విషయం మీద ఇంకెవరైనా ఏమైనా రాశారా అని వెతకాలి. అదృష్టం కొద్దీ ఇక్కడ మూడు ఉత్తరాలు ఉన్నాయి.

మొదటిది 1796 సెప్టెంబర్ 1న వాషింగ్టన్ తన ఆర్థిక మంత్రి ఆలివర్ వాల్కాట్‌కి రాసింది. అప్పటికే సెనేటర్ జాన్ లాంగ్డన్ కూతురు ఓనాని పోర్ట్స్‌మత్‌లో చూసి గుర్తుపట్టింది. ఎవరో ఫ్రెంచివాడు మాయచేసి తీసుకుపోయాడనీ, కన్నబిడ్డలా చూసుకున్నామనీ, ఈ కృతఘ్నతకి శిక్ష లేకుండా పోకూడదనీ ఆ ఉత్తరం సారాంశం. వాల్కాట్ ఆ పనిని పోర్ట్స్‌మత్ రేవులో సుంకాలు వసూలు చేసే అధికారి జోసెఫ్ విప్పుల్‌కి అప్పజెప్పాడు. రెండో ఉత్తరం విప్పుల్ జవాబు. ఇంటి పనికి మనిషి కావాలన్న నెపంతో ఓనాని పిలిపించి మాట్లాడాడు. ఆమెని ఎవరూ మాయచెయ్యలేదనీ, పూర్తి స్వేచ్ఛ కోసం ఉన్న దాహం ఒక్కటే కారణమనీ రాశాడు. తనని ఎవరికో అమ్మేసే, ఇచ్చేసే స్థితికి తిరిగి వెళ్లడం కన్నా చావే నయమని ఆమె అన్నదనీ రాశాడు.

“ఇచ్చేసే” అన్న మాట ఊరికే రాలేదు. ఆ ఏడాది మార్చిలోనే మార్తా మనవరాలు ఎలైజా కస్టిస్‌కి పెళ్లయింది. తను ఆ మనవరాలి సొత్తు కాబోతోందని ఓనాకి తెలిసింది, ఆమె దగ్గర బానిసగా ఉండనని తేల్చుకుంది. కారణం ఏమీ జరగలేదన్న ప్రకటనకి జవాబు అదిగో, ప్రభుత్వ ఉద్యోగి చేతిరాతలో, అదే ఏడాదిలో.

విప్పుల్ ఉత్తరంలో ఇంకో వాక్యం ఉంది, చాలామంది అక్కడ తప్పటడుగు వేస్తారు. యజమానులంటే ఆమెకి ఎంతో ప్రేమ, గౌరవం ఉన్నాయట, వాళ్ల తదనంతరం స్వేచ్ఛ ఇస్తామని మాటిస్తే తిరిగి వస్తుందట. దీన్ని ఎత్తి రాసుకుని “చూశారా, ఆమెకి వాళ్లంటే ఇష్టం” అనేయకండి. తనని ఓడెక్కించి వెనక్కి పంపగల అధికారి ఎదురుగా నిలబడి అన్న మాటలు అవి. మాట పక్కన చేత పెట్టి చూడండి: వెనక్కి తీసుకెళ్లాల్సిన ఓడ బయల్దేరే వేళకి ఆమె రాలేదు. పరిస్థితి అలాంటిది అయినప్పుడు మనిషి చేసినదానికి ఎక్కువ విలువ ఇవ్వండి, అన్నదానికి తక్కువ. మూడో ఉత్తరం, నవంబర్ 28న వాషింగ్టన్ స్వయంగా విప్పుల్‌కి రాసింది, ఆమె అడిగిన ఒప్పందం ఎంతమాత్రం కుదరదని తేల్చేసింది. ఒక బానిస స్త్రీ దేశాధ్యక్షుడితో బేరం పెట్టింది, ఆయన దానికి జవాబు రాయాల్సి వచ్చింది. నాకు ఈ మొత్తం కట్టలో అన్నిటికన్నా గట్టి ఆధారం ఇదే.

తర్వాతి సంగతి త్వరగా. 1797 జనవరిలో జాక్ స్టెయిన్స్ అనే నావికుణ్ణి పెళ్లాడింది, ముగ్గురు పిల్లలు. 1799లో మార్తా మేనల్లుడు బర్వెల్ బాసెట్ వచ్చి రమ్మని అడిగాడు, తర్వాత బలవంతంగానైనా తీసుకుపోదామనుకున్నాడు. లాంగ్డన్ ఇంటి నుంచి కబురు అందడంతో తప్పించుకుంది. చదవడం ఆమె స్వేచ్ఛ వచ్చాకే నేర్చుకుంది. 1848 ఫిబ్రవరి 25న న్యూ హాంప్‌షైర్‌లోనే చనిపోయింది. చట్టం దృష్టిలో చివరిదాకా పారిపోయిన బానిసే, ఎందుకంటే ఆమె మార్తా మొదటి భర్త ఎస్టేట్ కింద లెక్క, తన సొంత బానిసలకి స్వేచ్ఛ రాసిన వాషింగ్టన్ వీలునామా కూడా ఆమెకి వర్తించదు.

ఆ ఇంటర్వ్యూల గురించి ఒక జాగ్రత్త. 1845లో ఒకటి, 1847 జనవరిలో ఇంకొకటి అచ్చయ్యాయి, రెండూ బానిసత్వానికి వ్యతిరేకంగా నడిచే పత్రికల్లో. రాసినవాళ్లకి వాళ్ల ఉద్దేశం ఉంది, సంఘటన జరిగి అర్ధశతాబ్దం అయింది. అయినా విప్పుల్ ఉత్తరంతో, ప్రకటనతో కలిసే చోట్లు ఎన్ని ఉన్నాయో మీరే గుర్తు పెట్టుకుంటూ వెళ్లండి.

ఫిలడెల్ఫియా వెళ్లే మనవాళ్లకి ఒక మాట. లిబర్టీ బెల్ పెట్టిన భవనం పక్కనే ఆ అధ్యక్షుడి ఇల్లు ఉండేది. వాషింగ్టన్ అక్కడికి తెచ్చిన తొమ్మిది మంది బానిసల పేర్లు రాతిగోడ మీద చెక్కారు. గంట దగ్గర ఫోటో దిగి వచ్చెయ్యకుండా అటు కూడా వెళ్లండి.

ఇక ఈ వారం పని. వాషింగ్టన్ ఉత్తరాలు, వీలునామా అన్నీ ఫౌండర్స్ ఆన్‌లైన్ అనే అమెరికా ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. 1799 నాటి వీలునామా తెరిచి విలియం లీ పేరు ఉన్న చోటు వెతకండి. అమెరికా స్వాతంత్ర్య యుద్ధకాలమంతా వాషింగ్టన్ వెంట ఉన్న బానిస. వెంటనే స్వేచ్ఛ, బతికినంతకాలం ఏడాదికి 30 డాలర్లు రాశాడు. “విలియం లీ అని తనని తాను పిలుచుకునే విలియం” అని ఉంటుంది, అలా ఎందుకు రాయాల్సి వచ్చిందో ఆలోచించండి. ప్రమాదాల వల్ల నడవలేని స్థితి అని ఉంటుంది, ఆ ప్రమాదాలు ఎప్పుడు, ఏ పని మీద ఉండగా జరిగాయో డైరీల్లో వెతకండి. స్వేచ్ఛ వద్దనుకుంటే ఇప్పుడున్నట్టే ఉండొచ్చని ఇంకో దారి కూడా చూపించాడు, ఆ వాక్యానికి ఏ రంగు గీత వేస్తారో, ఎందుకో నాలుగు లైన్లు రాసి ఉంచుకోండి. వచ్చే భాగంలో వీలునామాలు మొదలుపెడతాం, ఆ నాలుగు లైన్లతోనే మొదలు.