29π/6 లాంటి పెద్ద కోణానికి టెర్మినల్ పాయింట్: నాకు పనిచేసిన పద్ధతి

టెర్మినల్ పాయింట్ అంటే యూనిట్ సర్కిల్ (మూలబిందువు కేంద్రంగా, వ్యాసార్ధం 1 ఉన్న వృత్తం) మీద (1, 0) నుంచి ఆ కోణం మేర తిరిగితే చేరే బిందువు. దాని నిరూపకాలు రాసేటప్పుడు ప్లస్, మైనస్ గుర్తులు సరిగ్గా వస్తాయి, కానీ 1/2, √3/2 తారుమారవుతాయి. కారణం ఒక్కటే: కోణపు చివరి భుజానికీ ఎక్స్-అక్షానికీ మధ్య ఉండే లఘు కోణమైన రిఫరెన్స్ యాంగిల్‌ని దగ్గర్లో ఉన్న వై-అక్షం నుంచి కొలవడం. దాన్ని ఎప్పుడూ ఎక్స్-అక్షం నుంచే కొలవాలి.

పాదానికో (క్వాడ్రంట్) సూత్రం బట్టీ పట్టడం, 2π తీసేస్తూ పోవడం, డిగ్రీల్లోకి మార్చడం: మూడూ చూశాను, తప్పులు ఆగలేదు.

కుదిరింది ఇది. కోణానికి అతి దగ్గరి π గుణిజాన్ని పట్టుకోండి. 29/6 అంటే సుమారు 4.83, కాబట్టి 5π. తేడా 30π/6 − 29π/6 = π/6. అదే రిఫరెన్స్ యాంగిల్. ఇక 5 బేసి సంఖ్య, అంటే బిందువు ఎడమవైపు. సరి అయితే కుడివైపు. మన కోణం 5π కంటే తక్కువ, అంటే అపసవ్య దిశలో తిరుగుతూ ఎడమ కొసకు ఇంకా చేరలేదు, కాబట్టి అక్షానికి పైన ఉంది. రెండో పాదం. జవాబు (−√3/2, 1/2).

రుణ కోణాలకూ ఇదే. −17π/4 కి దగ్గరిది −4π, తేడా π/4. సరి, కుడివైపు, −4π కంటే తక్కువ, అంటే కుడి కొసకు ఇంకా చేరలేదు, కాబట్టి అక్షానికి కింద. (√2/2, −√2/2).

7π/2 దగ్గర మాత్రం 3π, 4π రెండూ సమాన దూరం. అక్కడ బొమ్మ గీసి (0, −1) అని చూసుకోవడమే మేలు. 5 రేడియన్ల లాంటి వాటికి పాదం, రిఫరెన్స్ యాంగిల్ (2π − 5, సుమారు 1.283) దొరుకుతాయి గానీ నిరూపకాలకు కాలిక్యులేటర్ కావాల్సిందే.