వీఈజీఎఫ్ జన్యువులో +936 సీ/టీ తేడాను ల్యాబులో తేల్చేదెలా

కొత్త రక్తనాళాలు పెరగడానికి సంకేతమిచ్చే ప్రోటీన్ వీఈజీఎఫ్. దాని జన్యువు 6వ క్రోమోజోము మీద ఉంది. ఆ జన్యువు చివర, ప్రోటీన్‌గా మారని భాగంలో, +936 అనే స్థానంలో కొందరికి డీఎన్‌ఏ అక్షరం సీ, కొందరికి టీ ఉంటుంది. టీ ఉన్నవాళ్ల ప్లాస్మాలో ఈ ప్రోటీన్ తక్కువని 2000లో ఆస్ట్రియాలోని గ్రాజ్ పరిశోధకులు చూపారు. తర్వాతి అధ్యయనాల్లో కొన్ని దీన్ని ఒప్పుకోలేదు.

రక్తం 2 మిల్లీలీటర్లు, రక్తాన్ని గడ్డకట్టనివ్వని ఈడీటీఏ ఉన్న ఊదా మూత ట్యూబులోకి తీయాలి. హెపారిన్ ట్యూబు వద్దు, పీసీఆర్ (డీఎన్‌ఏ ముక్కకు లెక్కలేనన్ని నకళ్లు తీసే పద్ధతి) ఆగిపోతుంది. 50 నానోగ్రాముల డీఎన్‌ఏతో 25 మైక్రోలీటర్ల పీసీఆర్, 35 సైకిళ్లు. ఈ పనికి సాధారణంగా వాడే ప్రైమర్లతో (నకలు ఎక్కడ మొదలవ్వాలో చూపే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) 208 బేస్‌జతల, అంటే 208 అక్షరాల జతల పొడవున్న ముక్క వస్తుంది. ఎంజైముతో కోసే ముందే కొంచెం తీసి, ముక్కలను పొడవును బట్టి విడదీసే జెల్ మీద నడిపి బ్యాండు (గీత) ఒక్కటేనని చూసుకోండి.

కోసే ఎంజైము ఎన్‌ఎల్‌ఏ-త్రీ. సీఏటీజీ కనబడిన చోటల్లా కోస్తుంది; టీ ఉంటేనే ఇక్కడ ఆ వరుస ఏర్పడుతుంది. పీసీఆర్ ద్రవం 10, బఫర్ 2 మైక్రోలీటర్లు, ఎంజైము 5 యూనిట్లు, మిగతాది నీళ్లు, మొత్తం 20. 37 డిగ్రీల దగ్గర 3 గంటలు ఉంచి 3 శాతం అగరోజ్ జెల్‌లో నడపండి. జన్యువు రెండు ప్రతుల్లోనూ సీ ఉన్న సీసీకి 208 ఒక్కటే. రెండిట్లోనూ టీ ఉన్న టీటీకి 122, 86. ఒక్కోటి ఉన్న సీటీకి మూడూ.

చిక్కంతా ఇక్కడే. ఎంజైము చచ్చిపోతే అందరూ సీసీగానే కనిపిస్తారు, సగం కోస్తే టీటీ మనిషి సీటీ అయిపోతాడు. ఇది మైనస్ 20లో తొందరగా బలం కోల్పోయే రకం. మైనస్ 80లో, చిన్న చిన్న భాగాలుగా దాచండి. ప్రతి జెల్‌లో తెలిసిన టీటీ నమూనా ఒకటి పెట్టాల్సిందే, అందులో 208 జాడ మిగిలితే ఆ జెల్ మొత్తం పక్కన పెట్టండి. సీటీలో మాత్రం 208 కాస్త మందంగా ఉంటే కంగారు వద్దు: సీ పోగు, టీ పోగు జతకట్టిన ముక్కలను ఎంజైము కోయలేదు. 86 బ్యాండు ఎప్పుడూ వెలవెలబోతూనే ఉంటుంది.

ప్రోటీన్ కూడా కొలిచేట్టయితే సీరం వాడకండి. రక్తం గడ్డకట్టేటప్పుడు ప్లేట్‌లెట్లు తమలోని వీఈజీఎఫ్‌ను వదిలేస్తాయి, అంకె పెరిగిపోయి జన్యువు ప్రభావం అందులో మునిగిపోతుంది. ఈడీటీఏ రక్తాన్ని అరగంటలోపు సెంట్రిఫ్యూజ్ చేసి, పైనున్న ప్లాస్మాను కణాల పొర కదలకుండా తీసి మైనస్ 80లో పెట్టండి.